మూటకు రెండు గుర్తులు

పొద్దున్న ఎనిమిది లోపల కావలసిన పనులు ఇవి. నాలుగు అంతస్తుల నుంచి మాసిన బట్టలు కిందికి దించాలి. నెత్తురు అంటినవి ఒక కుప్ప, అంటనివి ఒక కుప్ప వెయ్యాలి. జేబులు తడిమి చూడాలి. డాక్టర్ల కోట్లలో కలాలు దొరుకుతాయి, రోగుల చొక్కాల్లో మాత్రలు దొరుకుతాయి, ఒకసారి పెట్టుడు పళ్ళ వరస కూడా దొరికింది. ఆరబెట్టే యంత్రంలోంచి దుప్పట్లు తీసి వేడి చల్లారకముందే మడత పెట్టాలి. ఆపరేషన్ గది బట్టలు అన్నిటికంటే ముందు పైకి పంపాలి. కాన్పుల వార్డు వాళ్ళు ఫోన్ చేసి అరిచేలోగా వాళ్ళ గుడ్డలు వాళ్ళకు చేర్చాలి. ఇవన్నీ అయ్యాక, మధ్యాహ్నం తిండి వేళకు ఊపిరి మిగిలితే, మూడో పాఠం చూడాలి.

ఆ చివరి పని కొత్తగా వచ్చి చేరింది.

ఆసుపత్రి లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. పైన మంచం మీద పడుకున్న రోగికి దుప్పటి శుభ్రంగా ఉందా లేదా అన్నదే తెలుసు కాని, దాన్ని శుభ్రం చేసే మనుషులు తన మంచానికి సరిగ్గా కింద ఉన్నారని తెలియదు. అక్కడ ఆరుగురు పనిచేస్తారు. వాళ్ళలో అందరూ చిన్నక్క అని పిలిచే ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా ఉంది. ఆ పంతొమ్మిదేళ్ళలో ముగ్గురు ఇన్‌ఛార్జులు వచ్చారు, వెళ్ళారు. ముగ్గురికీ పని నేర్పింది చిన్నక్కే. వాళ్ళకు కుర్చీ ఉండేది, ఆవిడకు స్టూలు ఉండేది.

మూడో ఇన్‌ఛార్జి వెళ్ళిపోయాక గోడ మీద కాగితం అంటించారు. ఆ ఉద్యోగానికి పదో తరగతి చదివి, పదేళ్ళ అనుభవం ఉన్న లోపలివాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చట. కాకపోతే ఆసుపత్రి పరిశుభ్రత మీద ఏదైనా గుర్తింపు ఉన్న కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్ రెండు నెలల్లో చూపించాలి. చూపించకపోతే బయటి మనిషిని తీసుకుంటారు.

చిన్నక్క పదో తరగతి పాసైంది. అనుభవం సంగతి చెప్పనక్కరలేదు. లేనిదల్లా ఆ కాగితం ఒక్కటే.

"అమ్మా, ఫ్రీగా ఉంది," అంది డిగ్రీ చదువుతున్న కూతురు ఫోన్ చూస్తూ. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్ల. "ఎనిమిది వారాలు. ప్రపంచంలో ఎవరైనా చేరొచ్చంట. ఇప్పటికే అరవై వేల మంది చేరారు."

"అరవై వేల మందికి పాఠం చెప్పే పంతులు గొంతు ఏమైపోతుందే?"

"వీడియో అమ్మా. ఒక్కసారి చెప్తే చాలు."

"అయితే నాకు అర్థం కాకపోతే ఎవర్ని అడగాలి?"

కూతురు కాసేపు ఫోను పైకీ కిందికీ జరిపింది. "అదెక్కడా రాయలేదు," అంది.

మధ్యాహ్నం తిండి వేళ చిన్నక్క మడతల బల్ల మీద గంజి డబ్బాకు ఫోను ఆనించి మొదటి పాఠం పెట్టింది. ఒంటరిగా చూద్దామనే అనుకుంది. రెండు నిమిషాల్లో మిగతా ఐదుగురూ చుట్టూ చేరారు. బాయిలర్ దగ్గరుండే బాబాయి, ఇస్త్రీ చేసే వదిన, ఉతికే యంత్రాల దగ్గర కవలలు, ఇంకా పెద్దక్క. కవలలు అన్నది వట్టి ముద్దుపేరు. వాళ్ళు అక్కచెల్లెళ్ళు కూడా కారు, ఒకళ్ళు లేకుండా ఒకళ్ళు అన్నం తినరు కనుక ఆ పేరు వచ్చింది. పెద్దక్కకు అరవై దగ్గర పడుతోంది. చదువు రాదు. నోరు మాత్రం బాగా వచ్చు. దుప్పటికి ఈ కొస చిన్నక్క పట్టుకుంటే ఆ కొస పెద్దక్క పట్టుకుంటుంది.

ఇక్కడ ఆ లాండ్రీ పద్ధతి ఒకటి చెప్పాలి. దుప్పటిని ఒక్కరు మడత పెట్టలేరు. పెడితే నేలకు తగులుతుంది, నేలకు తగిలితే మళ్ళీ ఉతకాలి. అందుకని మడత ఎప్పుడూ ఇద్దరి పని. ప్రతి మూట మీదా ఒక చీటీ ఉంటుంది, చీటీ మీద మడత పెట్టిన ఇద్దరి గుర్తులూ ఉంటాయి. చిన్నక్క సున్నా చుట్టి మధ్యలో చుక్క పెడుతుంది. పెద్దక్క ఒక అడ్డగీత గీస్తుంది. ఒకే గుర్తు ఉన్న మూట వస్తే వార్డు వాళ్ళు విప్పకుండానే వెనక్కి పంపేస్తారు. రెండో మనిషి కన్ను దాని మీద పడలేదని అర్థం.

తెర మీది పంతులు చుక్కల చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎనిమిది వారాలూ అదే చొక్కా. "పాపం, ఈయనకి ఉతికిపెట్టేవాళ్ళు లేరనుకుంటా," అంది పెద్దక్క. ఆ రోజు నుంచి ఆయన పేరు చుక్కల చొక్కా అయింది.

ఆయన మాట్లాడేది ఇంగ్లీషు. కింద మన భాషలో అక్షరాలు పడేవి. యంత్రం చేసిన అనువాదం అది. చిన్నక్క పైకి చదివేది, మిగతావాళ్ళు వినేవాళ్ళు.

"సంస్కృతిని వెచ్చని చోట నాలుగు రోజులు పెంచండి," అని చదివి ఆగిపోయింది ఒకనాడు.

"సంస్కృతిని నాలుగు రోజుల్లో పెంచేస్తాడా? మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నా," అన్నాడు బాబాయి.

సాయంత్రం కూతురు నవ్వాపుకుని చెప్పింది, ఆయన అనేది సూక్ష్మజీవుల పెంపకం గురించి అని, ఇంగ్లీషులో సంస్కృతినీ దీన్నీ కూడా కల్చర్ అనే అంటారని. మర్నాడు ఆ మాట చిన్నక్క అందరికీ విప్పి చెప్పింది. ఒక పాఠానికి పావుగంట పడితే, దాన్ని మాట్లాడుకోవడానికి మూడు రోజులు పట్టేది. మనం వేసే మందు చంపేది దేన్ని? వేడి నీళ్ళు చాలవా? తెల్లగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టేనా? పంతొమ్మిదేళ్ళుగా చేతులు చేస్తున్న పనికి కారణం ఉందని, ఆ కారణం తమకూ అర్థమవుతుందని తెలిసినప్పుడు చిన్నక్కకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పేరు తెలియకుండా ఇన్నేళ్ళు పలకరించిన మనిషి పేరు తెలిసినట్టు ఉండేది.

కోర్సులో చేరినవాళ్ళు పరిచయాలు రాసుకునే చోటు ఒకటి ఉంది. మొదటి వారం అది కిటకిటలాడింది. ఎక్కడో ఒక నర్సు, ఎక్కడో ఒక బడిపంతులు, ఒకాయన ఓడలో వంటవాడు. "మేం ఆరుగురం, ఆసుపత్రి లాండ్రీ నుంచి," అని కూతురి చేత రాయించింది చిన్నక్క. ఓడ వంటవాడు జవాబిచ్చాడు: తమ వంటింటి తువ్వాళ్ళు ఉప్పునీటిలో ఉతికితే ఏమవుతుందని అడిగాడు. దాని మీద లాండ్రీలో రెండు రోజులు చర్చ నడిచింది. మూడో వారానికి ఆ చోటు పలచబడింది. ఐదో వారానికి ఆట ముగిసి జనం వెళ్ళిపోయిన హాలులా ఉంది. ఓడ వంటవాడి జాడ లేదు.

"సముద్రంలో సిగ్నల్ ఉండదేమో," అంది పెద్దక్క.

"మిగతావాళ్ళు కూడా సముద్రంలోనే ఉన్నారా అక్కా?" అంది వదిన.

అరవై వేల మంది ఏమైపోయారన్న ప్రశ్న చిన్నక్క మనసులో అలాగే ఉండిపోయింది.

ఏడో వారం చుక్కల చొక్కా చివరి పని అప్పగించాడు. ఎవరి పనిచోటును వాళ్ళు పరీక్షించాలి. ఉడికించిన బంగాళాదుంప ముక్కలు శుభ్రమైన డబ్బాల్లో పెట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో వస్తువు తాకించి, మూత బిగించి వెచ్చని చోట ఉంచాలి. మూత మళ్ళీ తియ్యకూడదు. ఏ ముక్క మీద ఏం మొలుస్తుందో పైనుంచే చూసి రాయాలి. దాన్ని బట్టి మార్పు ఒకటి సూచించాలి.

బాయిలర్ గది అలమారాలో డబ్బాలు వరసగా పెట్టారు. ఏమీ తాకించనిది ఒకటి.

"ఊరికే కూర్చునేదానికి కూడా డబ్బానా?" అంది పెద్దక్క.

"పోల్చి చూడాలిగా అక్కా. ఇది ఏ పాపం ఎరగనిది."

యంత్రంలోంచి అప్పుడే తీసిన దుప్పటి తాకించింది రెండోది. మడతల బల్ల మూడోది, కడిగిన చేతులు నాలుగోది, పైకి వెళ్ళే ట్రాలీ ఐదోది, వార్డుకు చేరిన దుప్పటి ఆరోది.

"అయిపోయిందా?" అంది పెద్దక్క చుట్టూ చూస్తూ. "మరి ఆ గుడ్డ సంగతేంటి?"

"ఏ గుడ్డ?"

"ట్రాలీ తుడిచే గుడ్డ. దానికి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

అందరూ గోడకున్న మేకు వైపు చూశారు. మాసిన బట్టలు కిందికి తెచ్చిన ట్రాలీనే తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఉతికిన బట్టలు అందులోనే పైకి పంపుతారు. ఆ గుడ్డ ఎప్పుడూ తడిగా ఆ మేకుకే వేలాడుతూ ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న ప్రతి గుడ్డా వాళ్ళే ఉతుకుతారు, అదొక్కటి తప్ప. అది ఏ వార్డుదీ కాదు. వార్డు లేదు కనుక దానికి చీటీ లేదు, చీటీ లేదు కనుక దానికి ఉతుకు లేదు. అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోవడం మనకు తెలియని సంగతేం కాదు.

ఏడో డబ్బా పెట్టారు.

నాలుగు రోజులకు మూతల పైనుంచి చూశారు. మొదటి ముక్క పెట్టినట్టే ఉంది. యంత్రంలోంచి తీసిన దుప్పటి ముక్క మీద రెండే చుక్కలు. బల్ల, చేతులు ఫరవాలేదు. ట్రాలీ ముక్క మీదా, వార్డుకు చేరిన దుప్పటి ముక్క మీదా పసుపుపచ్చని మచ్చలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఏడో డబ్బాలో బంగాళాదుంప కనిపించనే లేదు. బూడిదరంగు నూగు కప్పేసింది.

"అమ్మో, దీనికి జుట్టొచ్చింది," అంది కవలల్లో ఒకమ్మాయి.

బాబాయి తన తల తడుముకున్నాడు. కాలిన గాయాల వార్డులో మనుషులు చిన్నక్క కళ్ళ ముందు మెదిలారు. ఇన్నేళ్ళూ తాము ఇంత వేడిలో, ఇంత మందులో ఉతికింది, పైకి వెళ్ళే ఆ కాస్త దారిలో మళ్ళీ మలినమవుతోంది.

ఆ సాయంత్రం కూతురు టైపు చేసింది, చిన్నక్క చెప్పింది. ఏడు ఫొటోలు పెట్టారు. మార్పు ఏమిటన్నచోట: మాసినవాటికి ఒక ట్రాలీ, ఉతికినవాటికి ఒక ట్రాలీ, తుడిచే గుడ్డకు ఒక చీటీ. చివరికి ఒక గడి వచ్చింది. 'ఈ పని పూర్తిగా నేను ఒక్కరినే చేశాను. అవును, కాదు.'

చిన్నక్క తడుముకోకుండా "కాదు" నొక్కమంది. కింద ఖాళీ జాగా ఉంటే ఆరుగురి పేర్లూ రాయించింది. ఏ పేరు ముందు రాయాలని కూతురు అడిగితే, "గుడ్డ సంగతి అడిగింది పెద్దక్క. ఆవిడదే ముందు," అంది.

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. మీ పని నియమాలకు విరుద్ధం, మార్కులు సున్నా. మూడు రోజుల్లో సరిచేసి మళ్ళీ పంపవచ్చు. ఈ ఉత్తరానికి జవాబు ఇవ్వకండి, ఇచ్చినా ఎవరూ చదవరు.

చిన్నక్క ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఉద్యోగానికి కాగితం చూపించాల్సిన గడువుకు ఐదు రోజులే ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి ఒక్కతే చేద్దామన్నా, ముక్కల మీద మచ్చలు మొలవడానికే నాలుగు రోజులు పడుతుంది.

"దీనికింత ఆలోచనేంటి?" అంది వదిన. "అవును అని నొక్కెయ్. ఎవరొచ్చి చూస్తారు?"

"అందరూ అలాగే నొక్కుతారు చిన్నక్కా," అన్నాడు బాబాయి. "మేమేమన్నా అడ్డం వస్తామా? నువ్వు ఇన్‌ఛార్జి అయితే మాకే మంచిది. కొత్తవాడొస్తే వాడికి మళ్ళీ అ ఆ ల నుంచి చెప్పాలి."

పెద్దక్క దుప్పటి కొస పట్టుకునే ఉంది. "నా పేరు కొట్టెయ్యవే," అంది తేలిగ్గా. "సంతకం కూడా రానిదాన్ని, నాకెందుకు ఆ గోల. పేరుంటే మార్కులు పడవంటే, లేకుండానే పోనీ. నాకేం తక్కువవుతుంది?"

చిన్నక్క ఆవిడ మొహం చూసింది. మాట తేలిగ్గానే ఉంది. చెయ్యి మాత్రం దుప్పటి అంచును పట్టుకుని అదే పనిగా సరిచేస్తోంది, సరిగ్గా ఉన్నదాన్నే. ఆ రెండు నెలలూ పెద్దక్క అందరికంటే ముందు వచ్చి బల్ల తుడిచి ఫోనుకు చోటు చేసి పెట్టేది. బతుకులో మొదటిసారి బడిలో కూర్చుంది ఆవిడ.

"ఒక్క గుర్తు పెట్టి మూట పైకి పంపమంటావా అక్కా?" అంది చిన్నక్క.

"ఇది మూట కాదుగా."

"మరేంటి?"

పెద్దక్క తన కొస తెచ్చి చిన్నక్క కొసకు కలిపింది.

చిన్నక్క "అవును" నొక్కలేదు. ఏడు డబ్బాలూ ఒక పళ్ళెంలో పెట్టుకుని మూడో అంతస్తులో ఉన్న మేట్రన్ గదికి వెళ్ళింది. పెద్దక్కను కూడా లాక్కెళ్ళింది.

మేట్రన్‌గారు ముక్కుసూటి మనిషి. నర్సులు ఆవిడ చెప్పుల చప్పుడు వింటేనే సర్దుకుంటారు. ఆవిడ డబ్బాలు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసింది. ఏడోది చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదేంటి?"

"ట్రాలీ తుడిచే గుడ్డండీ," అంది చిన్నక్క.

"ఎవరికి తట్టింది ఇది చూడాలని?"

చిన్నక్క పెద్దక్కను ముందుకు తోసింది.

మేట్రన్ ఫోన్ తీసి ల్యాబు వాళ్ళను పిలిచింది. ఆ మధ్యాహ్నమే ట్రాలీ నుంచి, గుడ్డ నుంచి నమూనాలు తీసుకున్నారు. ఫలితం బంగాళాదుంప చెప్పినదే. వారం తిరగకుండా రెండో ట్రాలీ వచ్చింది. గుడ్డలు పది వచ్చాయి, వాటికి చీటీలు వచ్చాయి.

సర్టిఫికెట్ రాలేదు. గడువు దాటింది. నిబంధన నిబంధనే అన్నారు ఆఫీసువాళ్ళు. బయటి నుంచి ఒక కుర్రాడు ఇన్‌ఛార్జిగా వచ్చాడు. మర్యాదస్తుడే. మొదటి రోజే "రెండు ట్రాలీలు ఎందుకండీ, ఒకటి చాలదా?" అని అడిగాడు. "కూర్చో నాయనా, చెప్తాను," అంది పెద్దక్క. అలా నాలుగో ఇన్‌ఛార్జికి పాఠం మొదలైంది.

తరువాత ఒక రోజు మేట్రన్ తనంతట తాను నేలమాళిగకు దిగింది. ఆవిడ అక్కడికి రావడం అదే మొదటిసారి. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీకో సంగతి చెప్పాలి," అంది. "నేను ఇలాంటి కోర్సుల్లో నాలుగిట్లో చేరాను. ఒక్కటీ పూర్తి చెయ్యలేదు."

ఆరుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు, ఇంట్లో కంప్యూటర్ ఉంది, గది ఉంది. లేనిది పక్కన మనిషి. రెండో వారం ఒక్కచోట అర్థం కాలేదు. రేపు చూద్దాం అనుకున్నా. ఆ రేపు రాలేదు. మీకు కింద అక్షరాలు కూడా సరిగ్గా లేవు. అయినా చివరిదాకా వెళ్ళారు. ఎలా వెళ్ళారో నాకు ఏడో డబ్బా చూశాక అర్థమైంది."

"మరి వాళ్ళ నియమం తప్పు కదండీ?" అంది చిన్నక్క. అది ఆవిడ గుండెలో ఇన్నాళ్ళూ నలిగిన ప్రశ్న.

"తప్పని అనలేను. కాగితం మీద ఒక్క పేరే ఉంటుంది కనుక ఆ ఒక్కరికి ఆ చదువు వచ్చా రాదా అని చూడాలి. రేపు మీకు ఇంజెక్షన్ చేసే నర్సు ఇంకొకరి చేత పరీక్ష రాయిస్తే ఊరుకుంటారా? పరీక్ష ఎవరిది వాళ్ళే రాయాలి. కాని చదువు మాత్రం కలిసి చదవాలి. పరీక్ష, చదువు వేరు వేరని వాళ్ళు చెప్పలేదు, మనకు తెలియలేదు. అరవై వేల మందికి తలుపు తీశారు. గొప్ప పనే, నేను కాదనను. ఇదివరకు మనలాంటివాళ్ళకు ఆ తలుపు ఎక్కడుందో కూడా తెలియదు. అయితే గడప దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉండాలి. అది ఏ ఫోనూ చెయ్యదు. మనుషులే చెయ్యాలి."

ఆ నెల నుంచి వారానికి రెండు గంటలు, పని వేళల్లోనే, రెండో అంతస్తులో ఒక గది ఇచ్చారు. ఒక తెరకు ఇద్దరు. ఎవరి పేరున వాళ్ళు చేరారు. పాఠం కలిసి చూసి, తగువులాడుకుని, పరీక్ష మాత్రం ఎవరికి వాళ్ళు రాశారు. బాబాయి ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కాడు. వదిన సగంలో మానేసింది. ఇంట్లో పని కుదరలేదు, ఆ సంగతి దాచడం ఎందుకు. కవలలు ఒకే రోజు పాసయ్యారు. చిన్నక్క తన వంతు కింద సబ్బులు దాచే గదిని ఒక్కతే పరీక్షించి "అవును" నొక్కింది. ఈసారి అది నిజం. మేట్రన్ కూడా వాళ్ళతో కూర్చుని తన ఐదో కోర్సు పూర్తి చేసింది, ఆవిడ పూర్తి చేసిన మొదటి కోర్సు అదే.

చిన్నక్కకు ఇన్‌ఛార్జి కుర్చీ ఇంకా రాలేదు, అది ఇప్పుడు ఖాళీ లేదు. ఆ గదిలో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం విప్పి చెప్పే పని మాత్రం ఆవిడదే అయింది. వంటశాల నుంచి, తోట నుంచి, అంబులెన్సుల దగ్గర నుంచి జనం వస్తున్నారు. అర్థం కాకపోతే ఎవర్ని అడగాలన్న ప్రశ్నకు ఆ ఆసుపత్రిలో ఇప్పుడు ఒక జవాబు ఉంది.

పెద్దక్క మాత్రం ఏ కోర్సులోనూ పేరు రాయించుకోలేదు. పరీక్ష చదవడం రాదుగా. అయినా ప్రతి తరగతికీ వస్తుంది, వెనక కూర్చుంటుంది, ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటి అడిగి అందరినీ ఆపేస్తుంది. వచ్చే ఏడాది రిటైరవుతుంది.

చదువరులారా, మీలో ఎవరైనా ఇలాంటి కోర్సు పూర్తి చేసి, పేరున్న కాగితాన్ని గోడకు తగిలించుకుంటే సంతోషం. అయితే ఆ గోడ ముందు నిలబడినప్పుడు, అందరూ అన్నీ అయిపోయాయనుకున్న వేళ "మరి ఆ గుడ్డ సంగతేంటి?" అని అడిగిన ఆ చదువు రాని ముసలావిడను ఒక్కసారి తలుచుకోండి. మీ కాగితం మీద కూడా ఎక్కడో ఆవిడలాంటి ఒకరి పేరు ఉండాల్సింది, లేదు.